బిడ్డ పెండ్లికి ముఖానికి సూదులు: రూ.60 వేలు దేనికి పెట్టాలి?

ప్రశ్న: నాకు 44 ఏండ్లు. హనుమకొండ దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్‌ని. రోజూ స్కూటీ మీద పోయి వస్తాను. కనుబొమ్మల నడుమ రెండు నిలువు గీతలు, నుదుటి మీద అడ్డగీతలు పడ్డాయి. బుగ్గల మీద ఆరేండ్ల నుంచి మంగు మచ్చలున్నాయి. చర్మం ఎండిపోయి కళ తప్పినట్టు ఉంటోంది. షుగరుకు మందులు, వాటితో పాటు రక్తం పలచన చేసే ఎకోస్ప్రిన్ 75 వాడుతున్నాను. మాఘమాసంలో పెద్ద బిడ్డ పెండ్లి, ఇంకా ఐదు నెలలుంది. హనుమకొండలో ఒక క్లినిక్ వాళ్లు ఆరు గ్లూటాథయోన్ డ్రిప్‌లు, మూడు పీఆర్పీలు కలిపి ప్యాకేజీ రూ.54 వేలన్నారు. హైదరాబాద్‌లో ఒకచోట ప్రొఫైలో రెండుసార్లకు రూ.50 వేలు, జీఎస్టీ అదనం. బొటాక్స్ 'మూడు ఏరియాలకు' రూ.24 వేలన్నారు. మా కాలనీలో పార్లర్ ఆమె సూది లేకుండా పెన్నుతో ఫిల్లర్ (చర్మం కింద నింపే జెల్) ఎక్కిస్తానని, రూ.6 వేలకే ఇంటికొచ్చి చేస్తానని అంటోంది. నా దగ్గర రూ.60 వేలున్నాయి. ఏది మంచిది? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం చేయించుకోవాలట, ఆపితే ముఖం ఇంకా ముడతలు పడుతుందట, నిజమేనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీకు చెప్పిన ధరలన్నీ వేర్వేరు మందులవి. వాటిని పక్కపక్కన పెట్టి ఏది చవక అని చూస్తే లెక్క తెగదు. మీ ఇబ్బందులు కూడా మూడు రకాలు. గీతలు కండరం ముడుచుకోవడం వల్ల పడ్డవి. మంగు రంగుకు సంబంధించినది. పొడిబారడం చర్మంలో తేమ, బిగువు తగ్గడం వల్ల వచ్చింది. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. ఏ ఇబ్బందికి ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నిసార్లు, ఎన్ని నెలలు నిలుస్తుంది అని విడివిడిగా చూసుకుంటేనే అడిగిన ధర న్యాయమో కాదో తెలుస్తుంది.

ముందే మా మాట చెప్తాం. మొదటి ఆరేడు వేలు మంగుకు, సన్‌స్క్రీన్‌కు పెట్టండి. రూ.18 వేల లోపు బొటాక్స్‌కు పెట్టండి. మిగతా సొమ్ము రెండున్నర నెలల దాకా ముట్టకండి. గ్లూటా ప్యాకేజీ, పార్లర్ పెన్ను రెండూ వద్దు.

పెన్ను సంగతి ముందు తేల్చేద్దాం. దీన్ని హయలురోన్ పెన్ అంటారు. లోపలి ఒత్తిడితో ద్రవాన్ని చర్మం గుండా కొడుతుంది. సూది లేదు కాబట్టి భయం లేదని అమ్ముతారు, కానీ ఆ ద్రవం ఎంత లోతుకు పోయిందో, ఏ రక్తనాళంలోకి పోయిందో కొట్టినవాళ్లకే తెలియదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబర్‌లో ఈ పెన్నులు వాడొద్దని ప్రజలను నేరుగా హెచ్చరించింది. ఇంట్లో, మంచం మీద కూర్చోబెట్టి, ఏ కంపెనీదో తెలియని ఫిల్లర్ ఎక్కిస్తే ఏదైనా తేడా వచ్చినప్పుడు విరుగుడు ఇచ్చేవాళ్లు ఎవరూ దగ్గర ఉండరు. రూ.6 వేలు కాదు, ఊరికే చేస్తానన్నా ఒప్పుకోకండి.

గ్లూటాథయోన్ డ్రిప్‌ల విషయంలో మన ఊళ్లలో చాలామంది మోసపోతున్నారు. దీన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తే రంగు తేలుతుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. కొందరికి కొద్దిగా తేడా కనిపించినా, ఆపిన కొన్నాళ్లకు మొదటికే వస్తుంది. అందుకే ఆరు అయ్యాక 'మెయింటెనెన్స్' అంటూ మళ్లీ పిలుస్తారు. మంగు మచ్చను ఇది పోగొట్టదు. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు, ఒళ్లంతా పొక్కి తోలు ఊడే తీవ్రమైన రియాక్షన్లు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఫిలిప్పీన్స్‌లో దీని వాడకం బాగా పెరిగినప్పుడు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థే వద్దని హెచ్చరించింది. షుగరు ఉన్న మీరు మూత్రపిండాలను కాపాడుకోవాలి. తెల్లబడటం కోసం వాటి మీద భారం వేయకండి.

ఆ ప్యాకేజీలో పీఆర్పీ ఉంది కదా అంటారేమో. పీఆర్పీ అంటే మీ రక్తమే. చేతి నుంచి 10 నుంచి 20 ఎంఎల్ తీసి, సెంట్రిఫ్యూజ్ అనే మెషీన్‌లో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న పసుపుపచ్చ ద్రవాన్ని వేరుచేసి, ముఖంలోకి సన్న సూదులతో ఎక్కిస్తారు. నెలకోసారి మూడు నాలుగు సార్లు చేయాలి. ఒక్కసారికి రూ.4 వేల నుంచి రూ.10 వేల దాకా తీసుకుంటున్నారు. మూడు పీఆర్పీలు రూ.5 వేల చొప్పున వేసుకున్నా రూ.15 వేలు. అంటే మీ ప్యాకేజీలో మిగతా రూ.39 వేలు గ్లూటాకే పోతున్నాయి. పీఆర్పీతో చర్మం నునుపు, మెరుపు కొంత పెరగొచ్చు కానీ ఫలితం మనిషి మనిషికీ మారుతుంది, నుదుటి గీతలు దీనితో పోవు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ రక్తం చేతులు మారుతుంది. 2018లో అమెరికాలోని న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ఇలాంటి ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకింది, ఒకరికి వాడినవి మరొకరికి వాడటమే దానికి కారణమై ఉంటుందని అనుమానం. కాబట్టి పీఆర్పీ ఎక్కడ చేయించుకున్నా కొత్త ట్యూబు, కొత్త సూది మీ ముందే విప్పాలి. ట్యూబు మీద మీ పేరు రాశాకే మెషీన్‌లో పెట్టాలి.

ఇప్పుడు బొటాక్స్. మీరు చెప్పిన నిలువు గీతలకు, నుదుటి అడ్డగీతలకు అసలైన మందు ఇదే. బొటులినమ్ టాక్సిన్ అనే ఈ మందు నరం నుంచి కండరానికి చేరే సంకేతాన్ని అడ్డుకుంటుంది. కండరం వదులైతే దాని మీది చర్మం ముడవదు. మూడు నుంచి ఐదు రోజుల్లో పని మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. దీన్ని 'ఏరియా' లెక్కన కాదు, యూనిట్ల లెక్కన కొనాలి. కంపెనీ లేబుల్ ప్రకారం కనుబొమ్మల మధ్య 20 యూనిట్లు, నుదుటికి 20, కంటి కొసల గీతలకు రెండు వైపులా కలిపి 24. మొత్తం 64. మీకు చెప్పిన రూ.24 వేలను 64తో భాగిస్తే యూనిట్‌కు రూ.375 పడుతుంది. నగరాల్లో యూనిట్‌కు దాదాపు రూ.250 నుంచి రూ.500 దాకా నడుస్తోంది కాబట్టి అది మామూలు ధరే. కానీ అదే డబ్బు తీసుకొని 32 యూనిట్లే వేస్తే యూనిట్ రూ.750 అయినట్టు. అందుకే 'ఎన్ని యూనిట్లు వేస్తారు, ఎక్కడెక్కడ ఎన్ని' అని అడిగి రాయించుకోండి. రాసివ్వనంటే అక్కడ చేయించుకోవద్దు. బ్రాండును బట్టి యూనిట్ కూడా మారుతుంది. డిస్‌పోర్ట్ అనే మందు యూనిట్లు బొటాక్స్ యూనిట్లతో సమానం కావు. అదే పనికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ యూనిట్లు పడతాయి. డిస్‌పోర్ట్ యూనిట్ చవకగా కనిపించేది అందుకే.

మీరు కంటి కొసల గీతల గురించి ఏమీ రాయలేదు. అయితే మూడో ఏరియా ఎందుకు? ఆ 24 యూనిట్లు మానేస్తే రూ.9 వేలు మిగులుతాయి. నుదుటికి లేబుల్ 20 చెప్పినా చాలామంది డాక్టర్లు 10తోనే మొదలుపెడతారు. కనుబొమ్మల మధ్య 20, నుదుటికి 10 నుంచి 20 అనుకుంటే 30 నుంచి 40 యూనిట్లు, రూ.375 చొప్పున రూ.11,250 నుంచి రూ.15 వేలు, జీఎస్టీ కలిపినా రూ.18 వేల లోపే. నుదుటికి ఒక్కదానికే వేయండి చాలు అని మాత్రం అడగకండి. కనుబొమ్మలను పైకి లేపేది నుదుటి కండరమే. కిందికి లాగే కండరాన్ని అలాగే వదిలేసి దీన్ని మాత్రం బలహీనపరిస్తే కనుబొమ్మలు కిందికి జారి ముఖం బరువుగా కనిపిస్తుంది.

సిరంజిని కూడా ఓ కంట కనిపెట్టండి. బొటాక్స్ సీసాలో పొడి ఉంటుంది, దాంట్లో సెలైన్ కలుపుతారు. 100 యూనిట్ల సీసాలో 2.5 ఎంఎల్ కలిపితే 0.1 ఎంఎల్‌కు 4 యూనిట్లు వస్తాయి. 1 ఎంఎల్ కలిపితే అదే 0.1 ఎంఎల్‌లో 10 యూనిట్లుంటాయి. రెండు పద్ధతులూ సరైనవే. చాలాచోట్ల ఇన్సులిన్ సిరంజితో వేస్తారు. 1 ఎంఎల్ సిరంజి మీది 100 గీతలు ఇన్సులిన్ కోసం వేసినవి, బొటాక్స్ యూనిట్లు కావు. 2.5 ఎంఎల్ కలిపినప్పుడు సిరంజిలో 10 గీతల మందు అంటే 4 యూనిట్లే. '50 గీతలు వేశాం కదా, 50 యూనిట్లు' అని ఎవరైనా అంటే మీకు వేసింది 20.  ఎంత సెలైన్ కలిపారో అడిగి, గీతలు చూస్తే చాలు. సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, కలిపిన మందును 24 గంటల్లో వాడాలని కంపెనీ చెప్తుంది. 'పోయిన వారం వేరే పేషంటుకు విప్పింది కొంచెం మిగిలింది, తక్కువకు వేస్తాం' అంటే వద్దనండి.

బొటాక్స్‌లో ఎక్కువ భయపెట్టేది కనురెప్ప జారడం. మందు పక్క కండరంలోకి పాకితే ఇలా అవుతుంది. సాధారణంగా కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది, కంటి చుక్కల మందుతో కొంత లేస్తుంది. కానీ పెండ్లి ఫొటోల్లో ఒక కన్ను సగం మూసినట్టు ఉంటే ఆ బాధ మీకే తెలుస్తుంది. వేయించుకున్న నాలుగు గంటల దాకా పడుకోకూడదు, ముఖం రుద్దుకోకూడదు, ఆ రోజు ఫేషియల్, హెల్మెట్ బిగించుకోవడం వద్దు. స్కూటీ మీద కాకుండా ఆటోలో పోయి రండి.

ప్రొఫైలో విషయానికొద్దాం. ఇది హయలురోనిక్ యాసిడ్. చర్మంలో సహజంగా ఉండి నీటిని పట్టి ఉంచే పదార్థం ఇదే. ఫిల్లర్‌లా ఒకచోట ఎత్తు పెంచదు, చర్మం కింద పరుచుకుంటుంది. ఒక సిరంజిలో 2 ఎంఎల్, అందులో 64 మిల్లీగ్రాముల మందు. ఒక్కో బుగ్గకు ఐదు చోట్ల, చోటుకు 0.2 ఎంఎల్ చొప్పున, మొత్తం పది పోట్లు. దోమ కుట్టినట్టు లేచిన బుడిపెలు చాలావరకు ఒక రోజులో అణుగుతాయి. నెల తేడాతో రెండుసార్లు చేస్తారు, ఆరు నెలల దాకా తేడా ఉంటుంది. మీకు చెప్పింది రూ.50 వేలు, దాని మీద జీఎస్టీ అదనం. మీ బడ్జెట్‌లో చాలావరకు ఇదే మింగేస్తుంది, గీతలు మాత్రం అక్కడే ఉంటాయి, మంగూ అక్కడే ఉంటుంది. ఎండిపోయినట్టున్న చర్మం ఒక్కటే మీ బాధైతే ఇది మంచి మందే.

ఇదే జాతిలో స్కిన్ బూస్టర్లున్నాయి. రెస్టిలేన్ వైటల్‌ను నెల తేడాతో మూడుసార్లు వేస్తారు. జువెడెర్మ్ వోలైట్ ఒక్కసారి చాలు, ఆరు నుంచి తొమ్మిది నెలలు ఉంటుంది. బుగ్గలకు 2 ఎంఎల్ దాకా పట్టొచ్చు. ఒక్క ఎంఎల్ రూ.15 వేల నుంచి రూ.30 వేల మధ్య చెప్తున్నారు. వీటికి ముఖమంతా పదుల కొద్దీ సన్న పోట్లు పడతాయి. మంగు ఉన్న మన రంగు చర్మానికి పోటు పడిన ప్రతిచోటా నల్లమచ్చ మిగిలే అవకాశం ఉంది. పది పోట్లతో అయిపోయే ప్రొఫైలోకు మీ విషయంలో ఉన్న అసలైన మేలు అదే. 'సాల్మన్ డీఎన్ఏ' పేరుతో, సాల్మన్ చేప నుంచి తీసిన పాలీన్యూక్లియోటైడ్ సూదులు కూడా వస్తున్నాయి. చేప పడనివాళ్లు వాటి జోలికి పోవద్దు. ఎగ్జోసోమ్ (కణాల నుంచి వేరుచేసిన అతిసన్న బుడగలు) సూదులు అని ఎవరైనా చెప్తే వెంటనే వద్దనండి. చర్మంలోకి సూదితో ఎక్కించడానికి వాటికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లేదు.

బుగ్గలు నింపే ఫిల్లర్ మీకు అవసరం కనిపించడం లేదు. ఎవరైనా పట్టుబడితే ఒక్కటి గుర్తుంచుకోండి. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ను హయలురోనిడేజ్ అనే సూదితో కరిగించవచ్చు. రేడియెస్, స్కల్ప్‌ట్రా లాంటి కొల్లాజెన్ పెంచే మందులను అలా కరిగించడానికి లేదు. గడ్డలు కడితే నెలల తరబడి మోయాలి.

మంగుకు సూదులకంటే ముందు క్రీమూ, నీడా కావాలి. ఇది చర్మ వైద్యుల చేతిలోనే జరగాలి. డబ్బు ఆదా చేసుకోవాలంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి ఉదయం పోండి. కాకతీయ మెడికల్ కాలేజీ డాక్టర్లే చూస్తారు, మంగా, ఇంకేదైనా మచ్చా అని తేల్చి మందు రాస్తారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్వల్ప స్టెరాయిడ్ కలిపిన క్రీము రాస్తే చెప్పిన గడువు దాకానే వాడండి, సాధారణంగా ఎనిమిది వారాలు. మెడికల్ షాపులో 'మంచిగా తెల్లగా చేస్తది' అని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్ర నరాలు తేలి, మొటిమలు వస్తాయి, ఆపగానే మంట మొదలవుతుంది. ఇప్పటికే అలాంటిది వాడుతుంటే సిగ్గుపడకుండా ట్యూబును తీసుకెళ్లి డాక్టర్‌కు చూపండి. మంగుకు ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు కూడా రాస్తారు, కానీ రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్లకు అవి పనికిరావు. మీరు ఎకోస్ప్రిన్ ఎందుకు వాడుతున్నారో ముందే చెప్పాలి.

సన్‌స్క్రీన్ గురించి కాస్త ఎక్కువే చెప్తాం, ఎందుకంటే మంగు విషయంలో మిగతా ఖర్చంతా దీని మీదే నిలబడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 నుంచి 50, లేత గోధుమ రంగు కలిసిన టింటెడ్ రకం అయితే మంగుకు మేలు. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురును కూడా అడ్డుకుంటుంది, మామూలు తెల్ల సన్‌స్క్రీన్ ఆ పని అంతగా చేయదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత ముఖానికి, మెడకు రాయాలి. బడికి బయలుదేరే పావుగంట ముందు ఒకసారి, మధ్యాహ్నం తిన్నాక ఒకసారి. ఇలా రాస్తే 50 గ్రాముల ట్యూబు మూడు నాలుగు వారాల్లో అయిపోవాలి. మూడు నెలలు వస్తోందంటే మీరు రాస్తున్నది చాలదు. ట్యూబు రూ.500 అనుకుంటే ఐదు నెలలకు రూ.3 వేలు దాటుతుంది, క్రీములు, ఫీజులు కలిపి ఆరేడు వేలు. ప్రార్థన గ్రౌండులో నిలబడేటప్పుడు గొడుగు పట్టుకోండి, స్కూటీ మీద చున్నీ కట్టుకోండి. పొయ్యి వేడి కూడా మంగును రెచ్చగొడుతుంది.

ఇక రోజుల లెక్క. ఈ వారమే చర్మ డాక్టర్‌ను కలిసి, సన్‌స్క్రీన్, రాత్రి క్రీము మొదలుపెట్టండి. ట్రెటినాయిన్ ఒక్కటే రాస్తే 0.025 శాతం రకం బఠానీ గింజంత తీసుకొని, ముఖం కడిగి పూర్తిగా ఆరాక, మొదట వారానికి రెండు మూడు రాత్రులే రాయండి. తొలి నెల పొట్టు రాలడం, ఎరుపు సహజం. దానికి భయపడి చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. ఈ క్రీము వాడుతున్నప్పుడు పైపెదవికి థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించుకుంటే తోలు లేచిపోతుంది. వారం ముందే క్రీము ఆపాలి. దసరా అయ్యాక, పెండ్లికి పది పదకొండు వారాల ముందు మళ్లీ డాక్టర్ దగ్గర అద్దంలో చూసుకోండి. మంగు తగ్గి, తేమ వచ్చి ఉంటే ప్రొఫైలో అక్కర్లేకపోవచ్చు. ఇంకా పొడిగానే అనిపిస్తే, దాచిన సొమ్ముకు ఇంకొంత చేర్చుకోగలిగితే, పది వారాల ముందు ఒకటి, ఆరు వారాల ముందు రెండోది. చేర్చుకోలేకపోతే అప్పు చేయొద్దు, ఈఎంఐ అసలే వద్దు. బొటాక్స్ పెండ్లికి ఐదారు వారాల ముందు వేయించుకోండి. రెండు వారాలకు చూపించి చిన్న సర్దుబాటు చేయించుకోవచ్చు, రెప్ప జారినా సర్దుకోవడానికి సమయం ఉంటుంది. చివరి రెండు వారాలు కొత్త సూది, చర్మం పై పొర తీసే పీల్, కొత్త క్రీము ఏదీ వద్దు. నలుగు పెట్టే రోజున పసుపు గట్టిగా రుద్దుతారు, అప్పటికి ముఖం మీద ఒక్క పచ్చిపోటు కూడా ఉండకూడదు.

మీ షుగరు అదుపులో లేకపోతే ఏ సూదీ వేయించుకోకండి. పుండు మానడం ఆలస్యమై ఇన్ఫెక్షన్ పట్టే ముప్పు ఎక్కువ. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టు తీసుకెళ్లండి. ఎకోస్ప్రిన్ వల్ల పోటు చోట నల్లగా కమిలిపోవచ్చు, అంతమాత్రాన మీరు సొంతంగా ఆపేయకండి. రాసిన డాక్టర్ ఆపమంటేనే ఆపాలి. కమిలినది పది పన్నెండు రోజుల్లో పోతుంది, గుండెకు వచ్చే ముప్పు అలా పోదు. చేప నూనె, విటమిన్ ఇ మాత్రలు వాడుతుంటే అవి కూడా చెప్పండి. పెదవి దగ్గర తరచూ పొక్కులు వచ్చేవాళ్లు, గాయం మానినచోట గడ్డలా పెరిగేవాళ్లు ముందే చెప్పాలి. పళ్ల పని ఏదైనా ఉంటే సూదులకు ముందూ తర్వాతా రెండు వారాల ఎడం పెట్టండి.

హైదరాబాదా, హనుమకొండా? హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. ప్రొఫైలో రెండుసార్లు, బొటాక్స్ ఒకసారి, సర్దుబాటుకు ఒకసారి, మొత్తం నాలుగు ప్రయాణాలు. చార్జీలకు, సెలవులకు కూడా ధర కట్టండి. అంతకంటే పెద్ద సంగతి, హయలురోనిక్ యాసిడ్ మందు రక్తనాళంలోకి పోతే నాళం మూసుకుపోవచ్చు. అరుదే, కానీ జరిగితే గంటల్లో చూడాలి. చర్మం తెల్లగా పాలిపోవడం, తర్వాత వల పరిచినట్టు నీలం చారలు, తగ్గని నొప్పి, చూపు మసకబారడం. ఇవి కనిపిస్తే రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే వేసిన డాక్టర్‌కు చూపాలి. చూపు పోతోందంటే నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి. ఫిల్లర్లలో ఈ ముప్పు ఎక్కువ, ముక్కు, కనుబొమ్మల మధ్య ప్రాంతం మరీ ప్రమాదం. విరుగుడు అదే హయలురోనిడేజ్, పెద్ద మోతాదులో, గంట గంటకు మళ్లీ వేయాల్సి రావచ్చు. కాజీపేటలో దిగి ఇంటికొచ్చాక రాత్రి పదింటికి చెంప పాలిపోతే, సికింద్రాబాద్‌కు రైలు ఎప్పుడుందా అని వెతుక్కునే పరిస్థితి రాకూడదు. అందుకే ఇక్కడే అర్హత ఉన్న చర్మ వైద్యులు దొరికితే, యూనిట్‌కు యాభై రూపాయలు ఎక్కువైనా ఇక్కడే మంచిది.

అర్హత అంటే డీవీఎల్ (చర్మ, సుఖ, కుష్టు వ్యాధుల విభాగం)లో ఎండీ, డిప్లొమా లేదా డీఎన్‌బీ చేసిన చర్మ వైద్యులు, లేదా ప్లాస్టిక్ సర్జన్. పేరును తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూసుకోవచ్చు. క్లినిక్‌కు జిల్లా వైద్యాధికారి ఇచ్చే రిజిస్ట్రేషన్ గోడకు ఉండాలి. బోర్డు మీద డాక్టర్ పేరుండి లోపల సూది వేసేది వేరే అమ్మాయి అయితే వెనక్కి వచ్చేయండి. ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి: సూది ఎవరు వేస్తారు, ఏ బ్రాండు, నా ముందే డబ్బా విప్పుతారా, హయలురోనిడేజ్ సీసాలు క్లినిక్‌లోనే ఉన్నాయా. చివరిదానికి 'అవసరమైతే తెప్పిస్తాం' అంటే అక్కడ హయలురోనిక్ మందు వేయించుకోవద్దు. డబ్బా మీది బ్యాచ్ నంబర్ స్టిక్కర్ మీ కార్డు మీద అంటించాలి, బిల్లు మీద బ్రాండు, యూనిట్లు లేదా ఎంఎల్, జీఎస్టీ విడిగా రాయాలి. ఆరు సిట్టింగులకు ముందే డబ్బు కట్టకండి, ఒక్కోదానికి ఆ రోజు కట్టండి.

మీ చివరి ప్రశ్న. జీవితాంతం చేయించుకోవాల్సిన అవసరం లేదు. బొటాక్స్ ఆపితే మూడు నాలుగు నెలలకు కండరం మళ్లీ కదులుతుంది, గీతలు పాత స్థితికి వస్తాయి, అంతకంటే లోతుగా కావు. ఆ నెలల్లో చర్మం ముడవలేదు కాబట్టి కొద్దిగా మెరుగ్గానే ఉండొచ్చు. ప్రొఫైలో ఆపినా అంతే, తేమ మెల్లగా ముందున్న చోటికి వస్తుంది. నునుపైన నుదుటికి కళ్లు అలవాటు పడతాయి కాబట్టి పాత ముఖం చూసినప్పుడు 'ఇంకా పాడైంది' అనిపిస్తుంది. అందుకే సూదికి ముందు రోజు పొద్దున కిటికీ వెలుతురులో, మేకప్ లేకుండా, మామూలుగా ఉన్నప్పుడు ఒకటి, కనుబొమ్మలు ముడిచినప్పుడు ఒకటి ఫొటో తీసి ఉంచుకోండి. ఏడాదికి మూడుసార్లు బొటాక్స్ అంటే జీఎస్టీ కాక రూ.34 వేల నుంచి రూ.45 వేలు అవుతుంది. ఆ ఖర్చు మీకు భారమనిపిస్తే పెండ్లికి ఒకసారి వేయించుకొని ఆపేయవచ్చు. సన్‌స్క్రీన్ మాత్రం ఆపితే మంగు తిరిగి వస్తుంది, దాన్ని పెండ్లి తర్వాత కూడా రాస్తూనే ఉండండి.